బ్రాంచ్ దాటి ఒక పేపర్: విశాఖ విద్యార్థికి ఎంపిక నుంచి పరీక్ష దాకా

ఓపెన్ ఎలెక్టివ్ (సొంత బ్రాంచ్ బయట నుంచి ఎంచుకునే పేపర్) ఆప్షన్లు ఇవ్వమని కాలేజీ సర్క్యులర్ పెట్టిన రోజు క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "ఏది ఈజీరా?" కాసేపటికి సీనియర్ ఎవరో ఒక పేరు పెడతాడు. సాయంత్రానికి క్లాసులో ముప్పావు వంతు మంది దానికే టిక్కు పెట్టేస్తారు. సెమిస్టర్ చివర మార్కులు బాగానే వస్తాయి. ఏడాది తిరిగేసరికి ఆ సబ్జెక్టులో ఏం చదివారో ఎవరికీ గుర్తుండదు.

మధురవాడ వైపు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు, ఊళ్లో డిగ్రీ కాలేజీల పిల్లలు సలహా కోసం నా దగ్గరకి వస్తుంటారు. వాళ్లకి మొదట చెప్పేది ఇదే. మొత్తం డిగ్రీలో మీరు సొంతంగా ఎంచుకునే అవకాశం ఉన్నవి ఈ రెండు మూడు పేపర్లే. మిగతా సిలబస్ అంతా యూనివర్సిటీ ముందే రాసిపెట్టింది. బ్రాంచ్ సంగతి సరేసరి, అది ఈఏపీసెట్ ర్యాంకూ ఇంట్లోవాళ్లూ కలిసి తేల్చిన వ్యవహారం. మిగిలిన ఆ కాస్త స్వేచ్ఛనీ "ఈజీ"కి ధారపోయడం నాకు మింగుడుపడదు.

మరి ఎలా ఎంచుకోవాలి? మీ సబ్జెక్టు అడగని ప్రశ్నని ఏ సబ్జెక్టు అడుగుతుందో, అది తీసుకోవాలి. ఆ ప్రశ్న మీ కళ్లముందున్న ఊరిదైతే మరీ మంచిది. విశాఖలో అలాంటి ప్రశ్నలకి కొదవ లేదు.

1. మీ కోర్సులో ఖాళీ ఎంతుందో చూడండి

ఇది విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటేసినవాళ్లే తర్వాత ఇబ్బంది పడతారు. మీరు చేరిన సంవత్సరానికి వర్తించే రెగ్యులేషన్ పుస్తకం (కోర్సు నిబంధనలు ఉండేది) తెచ్చుకోండి. కాలేజీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ ఉంటుంది, లేకపోతే ఎగ్జామ్ సెక్షన్‌లో అడగండి. పై క్లాసు అన్నయ్య దగ్గరున్నది పనికిరాకపోవచ్చు. ఒకే కాలేజీలో వరుసగా రెండు బ్యాచ్‌లకి వేర్వేరు రెగ్యులేషన్లు ఉండటం మామూలే.

బీటెక్ వాళ్లు చూడాల్సినవి రెండు మాటలు: ఓపెన్ ఎలెక్టివ్, మైనర్ (మేజర్ పక్కన చదివే రెండో సబ్జెక్టు). సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చిన నమూనా సిలబస్ ప్రకారం బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. ఓపెన్ ఎలెక్టివ్‌లు అందులో భాగమే. మైనర్ కావాలంటే మాత్రం ఆ 160 పైన మరో 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చదవాలి. చాలామంది ఈ తేడా తెలియక మైనర్‌కి పేరు ఇచ్చేసి, సెమిస్టర్ మధ్యలో వదిలేస్తుంటారు.

డిగ్రీ వాళ్లకి లెక్క వేరు. 2022 డిసెంబర్‌లో యూజీసీ ఇచ్చిన ఫ్రేంవర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మూడేళ్ల డిగ్రీలో మేజర్‌కి 60, మైనర్‌కి 24 క్రెడిట్లు, మల్టీడిసిప్లినరీ పేపర్లకి 9 క్రెడిట్లు సూచించారు. ఆ 9 క్రెడిట్ల దగ్గర ఒక మెలిక ఉంది: ఇంటర్‌లో చదివేసిన సబ్జెక్టునే మళ్లీ అక్కడ పెట్టుకోకూడదని ఆ ఫ్రేంవర్క్ చెబుతుంది. ఎంపీసీ చదివొచ్చి మల్టీడిసిప్లినరీ కింద ఫిజిక్స్ తీసుకుని హాయిగా గడిపేద్దామంటే కుదరదన్నమాట. మన రాష్ట్రంలో 2023–24లో సింగిల్ మేజర్, మైనర్ పద్ధతి వచ్చింది. ఆ తర్వాతా మార్పులు జరుగుతూనే ఉన్నాయి కాబట్టి మీ బ్యాచ్‌కి ఏది వర్తిస్తుందో అడిగి తెలుసుకోండి.

క్రెడిట్ అంటే ఎంత పనో కూడా తెలియాలి. ఒక క్రెడిట్‌కి సెమిస్టర్ మొత్తంలో 15 గంటల పాఠం, అదే ప్రాక్టికల్ అయితే 30 గంటలు. మూడు క్రెడిట్ల పేపరంటే 45 గంటలు క్లాసులో కూర్చోవడమే. ఇంట్లో చదివేది దీనికి అదనం.

2. ప్రశ్న వెతకండి, సబ్జెక్టు దానంతట అదే దొరుకుతుంది

ఇక్కడ కాస్త నిదానిద్దాం.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేరు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే స్పృహ తప్పారు, రోడ్ల మీదకి పరిగెత్తినవాళ్లు అక్కడే పడిపోయారు. 12 మంది ప్రాణాలు పోయాయి. కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థికి దీన్ని వివరించడం వచ్చు. స్టైరీన్ తనంతట తానే పాలిమర్‌గా మారే స్వభావం ఉన్న ద్రవం. మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి చర్యని ఇంకా వేగిరపరుస్తుంది. అందుకే ట్యాంకుని 20 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లగా ఉంచాలి, ఆ చర్యని ఆపే టీబీసీ అనే నిరోధకం (ఇన్హిబిటర్) కలుపుతూ ఉండాలి. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగి ఉన్న వారాల్లో ఈ జాగ్రత్తలు తప్పాయి. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేలబారుగా వీధుల్లోకి పాకింది.

ఇక్కడితో కెమికల్ పాఠం అయిపోయింది. కానీ ఆ వీధిలో ఉన్న మనిషి అడిగే ప్రశ్న వేరు. బాధ్యత ఎవరిది? ఎంత కట్టాలి? జనం ఇళ్లు కట్టుకున్న చోట ఆ ట్యాంకుకి అనుమతి ఎలా వచ్చింది? ఇది లా పేపర్. ఎన్విరాన్‌మెంటల్ లా ఎలెక్టివ్ తీసుకున్న విద్యార్థికి భోపాల్ తర్వాత 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం, 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం తెలుస్తాయి. ఢిల్లీలో 1985లో జరిగిన ఓలియం గ్యాస్ లీకేజీ కేసులో సుప్రీంకోర్టు తెచ్చిన "అబ్సల్యూట్ లయబిలిటీ" సూత్రం తెలుస్తుంది: ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడు "నా తప్పు లేదు" అని తప్పించుకోడానికి వీల్లేదు. వెంకటాపురం లీకేజీ మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. ఆ ఉత్తర్వులో "స్ట్రిక్ట్ లయబిలిటీ" అనే మాట వాడారు. "అబ్సల్యూట్" అనాల్సిన చోట "స్ట్రిక్ట్" అన్నారేమిటని లా వాళ్లు వాదించుకున్నారు. స్ట్రిక్ట్ లయబిలిటీలో దైవికమని, మూడోవాడి పని అని చెప్పుకునే మినహాయింపులుంటాయి. అబ్సల్యూట్‌లో అవి ఉండవు. ఇది చదివిన కెమికల్ ఇంజినీరు రేపు ప్లాంటులో సేఫ్టీ రిపోర్టు మీద సంతకం పెట్టేటప్పుడు ఆ కాగితాన్ని ఇంకో కంటితో చూస్తాడు. ఇటు లా విద్యార్థి పాలిమర్ కెమిస్ట్రీ కొంచెం చదువుకుంటే ఇన్హిబిటర్ రికార్డులు ఏవి అడగాలో తెలుసుకుంటాడు.

ఒకటే ఘటనకి రెండు డిపార్ట్‌మెంట్లు. మధ్యలో గోడ కట్టింది మన టైం టేబులే.

ఇలాంటి ప్రశ్నలు ఊరంతా ఉన్నాయి. ఆర్కే బీచ్‌లో ఇసుక ఎందుకు తరిగిపోతోంది? తూర్పు తీరంలో అలలు ఇసుకని ఏడాది మొత్తం లెక్కన ఉత్తరం వైపు తోసుకుపోతాయి. హార్బర్ బ్రేక్‌వాటర్ (అలల్ని ఆపే గోడ) దాన్ని అడ్డుకుంటుంది. అందుకే పోర్టు వాళ్లు అక్కడ చేరిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి బీచ్ వైపు పోస్తుంటారు. సివిల్ విద్యార్థికి ఇది ఓషనోగ్రఫీలోకి తలుపు. ఆంధ్రా యూనివర్సిటీలో మీటియరాలజీ, ఓషనోగ్రఫీ డిపార్ట్‌మెంటు ఎప్పట్నుంచో ఉంది. బీకాం విద్యార్థికి ఇదే విషయం పబ్లిక్ ఫైనాన్స్ ప్రశ్న: ఆ ఇసుక ఖర్చు ఎవరు భరించాలి, పోర్టా, నగరపాలక సంస్థా?

భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు సినిమా షూటింగులకే కాదు. ఇసుక రేణువుల మీద ఇనుప ఆక్సైడ్ పూత వల్ల వచ్చిన ఎరుపది. సముద్రమట్టం వేల ఏళ్లలో పైకీ కిందికీ జరిగిన చరిత్ర ఆ పొరల్లో ఉంది. జియాలజీ పరిచయం పేపర్ ఒకటి చదివి అక్కడికి వెళ్లి చూడండి, ఫోటోలు తీసుకునే చోటే ఫీల్డు నోట్‌బుక్ తీస్తారు. అదే రోడ్డులో తొట్లకొండ ఉంది. 1988 నుంచి 1993 దాకా జరిగిన తవ్వకాల్లో అక్కడ బౌద్ధ ఆరామంతో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. టూరిజం, ఎకనామిక్స్ చదివేవాళ్లు ప్రాచీన చరిత్ర పేపర్ తీసుకుంటే, ఈ తీరంలో సముద్ర వ్యాపారం 1933లో హార్బర్ తెరిచాక మొదలైంది కాదని అక్కడి మెట్ల మీదే తెలుస్తుంది. సింహాచలం గుడిలో వందలాది శాసనాలున్నాయి. తెలుగు ఎంఏ విద్యార్థికి శాసనాలు తెలిసే ఉంటాయి, కానీ వాటిని డేటాబేస్‌గా పెట్టాలంటే కొద్దిగా ప్రోగ్రామింగ్ కావాలి. సీఎస్ఈ వాళ్లకి ఎదురు దారి ఉంది: తెలుగులో పనిచేసే యాప్ చేయాలనుకునేవాడికి లింగ్విస్టిక్స్ పేపర్ ఒక్కటి చదివినా ప్రత్యయాలూ సంధులూ స్పెల్‌చెక్‌ని ఎందుకు తికమక పెడతాయో అర్థమవుతుంది.

బయటి సబ్జెక్టుతో జీవితం మారిన కథ అనగానే అందరూ అమెరికాలో స్టీవ్ జాబ్స్ కాలిగ్రఫీ క్లాసు కథ ఎత్తుకుంటారు. మనకంత దూరం అక్కర్లేదు. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు విశాఖలోనే చదువుకున్నారు, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎంఏ చేశారు. ఆ తర్వాత కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్‌లో చేరారు. అప్పటికి అది మనవైపు ఒక చదువుగా లెక్కలోకి రాని విషయం. 1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్లింది గణిత శాఖకి కాదు, మానవశాస్త్ర మ్యూజియానికి. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలు విశ్లేషించే పని మీద. ఎముకల కొలతల్లోంచి మనుషుల గుంపుల మధ్య దూరాన్ని ఎలా లెక్కించాలన్న ప్రశ్న ఆయన స్టాటిస్టిక్స్‌కి ముడిసరుకైంది. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చేనాటికి ఆయనకి 102 ఏళ్లు.

కాబట్టి ఈ దశలో చేయాల్సింది: ఒక కాగితం మీద ఈ ఊరి గురించో, మీ ఇంటి వ్యాపారం గురించో మీకు నిజంగా కుతూహలం ఉన్న ప్రశ్నలు మూడు రాయండి. ఒక్కోదాని పక్కన, దానికి సమాధానం చెప్పగల డిపార్ట్‌మెంటు పేరు రాయండి. మీ డిపార్ట్‌మెంటు పేరే వస్తే కొట్టేసి ఇంకోటి వెతకండి. నాన్నగారు పోర్టులో క్లియరింగ్ ఏజెంట్ దగ్గర పనిచేస్తే "డెమరేజ్ ఎందుకు పడుతుంది?" అన్నది కూడా మంచి ప్రశ్నే (డెమరేజ్ అంటే సరుకు ఆలస్యానికి కట్టే రుసుము). ఈసీఈ విద్యార్థికి అది షిప్పింగ్, లాజిస్టిక్స్ పేపర్‌కి దారి చూపిస్తుంది.

3. సిలబస్ కాగితాన్ని చదవడం

పేరు చూసి పేపర్ తీసుకోకండి. "మేనేజ్‌మెంట్ సైన్స్" అనే పేరు కింద ఒక కాలేజీలో ఆపరేషన్స్ రీసెర్చ్ లెక్కలుంటాయి, ఇంకో కాలేజీలో ఫేయల్, టేలర్ సూత్రాలు బట్టీ పట్టడం ఉంటుంది.

సిలబస్‌లో సాధారణంగా అయిదు యూనిట్లుంటాయి. మొదటి యూనిట్ పరిచయం, అది ఎక్కడైనా బాగానే ఉంటుంది. మూడు, నాలుగు యూనిట్లు చదవండి. సబ్జెక్టు అసలు రంగు అక్కడ బయటపడుతుంది. అక్కడ ఇంటిగ్రల్స్ ఉండి మీరు సీఈసీ నుంచి వచ్చుంటే ఆలోచించుకోండి. అక్కడ ఒక్క కేస్ స్టడీ కూడా లేకుండా నిర్వచనాలే ఉంటే అది మీ ప్రశ్నకి సమాధానం చెప్పేది కాదు. తర్వాత కింద రాసిన పాఠ్యపుస్తకం పేరు చూసి యూనివర్సిటీలో వి.ఎస్. కృష్ణా లైబ్రరీలోనో, ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలోనో తిరగేయండి. ఆఖరి అధ్యాయం మొదటి రెండు పేజీలు చదవండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు, అర్థం చేసుకోవాలన్న దురద పుట్టిందా లేదా అన్నదే చూసుకోవాలి.

సబ్జెక్టు కన్నా టీచర్ ముఖ్యం అంటాను నేను. బయటి బ్రాంచ్ వాళ్లకి చెప్పే పేపర్‌ని కొన్నిచోట్ల మొక్కుబడిగా కొత్తగా చేరిన గెస్ట్ ఫ్యాకల్టీకి అంటగడతారు. ఎవరు చెబుతున్నారో ముందే కనుక్కోండి, ఆ డిపార్ట్‌మెంటు పిల్లలనే అడగండి. వాళ్లు "సార్ బాగా చెబుతారు కానీ మార్కులు వేయరు" అంటే ఆలోచించకుండా చేరిపోండి.

4. కాలేజీలో ఆ పేపర్ నడిచేలా చేయడం

రెగ్యులేషన్ పుస్తకంలో పది ఓపెన్ ఎలెక్టివ్‌ల పేర్లుంటాయి. నోటీసు బోర్డులో రెండే ఉంటాయి. మరీ కొన్నిచోట్ల క్లాసు మొత్తానికి ఒకటే రాసేసి "ఆప్షన్" అంటారు. దీని మీద కోపం రావడం సహజం. అయితే డిపార్ట్‌మెంటు వైపు నుంచి కూడా ఒక ఇబ్బంది ఉంది: కనీసం ఇంతమంది ఉంటేనే క్లాసు నడపాలని లెక్క ఉంటుంది, టీచర్ గంటలు కూడా చూసుకోవాలి.

అందుకే ఒక్కరే వెళ్లి అడిగితే పని కాదు. కనీస సంఖ్య ఎంతో కనుక్కుని, అంతమంది సంతకాలతో వెళ్లండి. మీ బ్రాంచ్‌లో అంతమంది దొరక్కపోతే పక్క బ్రాంచ్‌లో వెతకండి, ఓపెన్ ఎలెక్టివ్ అందరిదీ. లెటర్ చిన్నదిగా ఉండాలి. ఏ రెగ్యులేషన్‌లో ఏ కోడ్ కింద ఆ పేపర్ ఉందో మొదటి లైనులో రాయండి. ఎంతమంది కోరుతున్నారో రెండో లైనులో, రోల్ నంబర్లు కింద. ఏ పీరియడ్‌లో పెడితే రెండు బ్రాంచ్‌లకీ ల్యాబ్ అడ్డు రాదో మూడో లైనులో మీరే సూచించండి. టైం టేబుల్ ఇంచార్జి మేడమ్‌ని ముందే కలిసి ఖాళీ పీరియడ్ కనుక్కుని ఆ తర్వాత హెచ్‌ఓడీ గారి దగ్గరకి వెళితే సగం పని అయిపోయినట్టే. హెచ్‌ఓడీలు కాదనేది ఎక్కువగా టైం టేబుల్ తలనొప్పి వల్లే, సబ్జెక్టు మీద కోపంతో కాదు.

ఇదంతా ముందు సెమిస్టర్ పరీక్షలు అయిపోకముందే జరగాలి. ఆప్షన్ల సర్క్యులర్ వచ్చాక ఎవరూ ఏమీ మార్చరు.

5. కాలేజీలో లేదంటే స్వయం

కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయంలో ఐఐటీల ఎన్‌పీటెల్ కోర్సులతో పాటు హ్యుమానిటీస్, లా, కామర్స్ కోర్సులు కూడా ఉన్నాయి. ఒక సెమిస్టర్ పేపర్లలో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివించడానికి యూజీసీ 2021 నిబంధనలు కాలేజీలకి అనుమతిస్తాయి. అనుమతిస్తాయి అంటే మీ కాలేజీ ఒప్పుకుంటుందని కాదు. అందుకే వరస తప్పకూడదు:

మొదట, కాలేజీ ఈ సెమిస్టర్‌కి ఆమోదించిన స్వయం కోర్సుల జాబితా అడగండి. జాబితాలో లేనిది చదివి సర్టిఫికెట్ తెచ్చాక క్రెడిట్లు మార్చమని బతిమాలడం దండగ. ఏ పేపర్ బదులుగా ఇది లెక్కలోకి వస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సు సాధారణంగా 3 క్రెడిట్లకి, 8 వారాలది 2 క్రెడిట్లకి సరిపోతుంది. క్రెడిట్లు తగ్గితే ఆ పేపర్ మళ్లీ రాయాల్సి వస్తుంది.

తర్వాత కోర్సులో చేరండి. చేరడం ఉచితం. వారం వారం అసైన్‌మెంట్లకి గడువుంటుంది, దాటితే ఎవరూ వినరు. 12 వారాల కోర్సులో మంచివి 8 అసైన్‌మెంట్లు లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి మిడ్స్ వారంలో ఒకటి రెండు పోయినా కొంపేం మునగదు. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. ఈ రెంటిలో విడివిడిగా కనీస మార్కులు రావాలి: 25కి 10, 75కి 30. పరీక్షకి వేరే రిజిస్టర్ చేసుకుని ఫీజు కట్టాలి, అది కోర్సుకి వెయ్యి రూపాయలుగా ఉంటూ వచ్చింది. ఆ రిజిస్ట్రేషన్ మర్చిపోయి పన్నెండు వారాల కష్టం గాలికి వదిలేసుకున్న పిల్లలు ప్రతి సెమిస్టర్‌లోనూ కనిపిస్తారు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. పరీక్ష ఇంటి నుంచి రాసేది కాదు, సెంటర్‌కి వెళ్లి కంప్యూటర్ మీద రాయాలి. ఊరి ఆప్షన్లలో విశాఖపట్నం పెట్టుకోండి. చివరి రోజుదాకా ఆగితే సీట్లు నిండిపోయి వేరే ఊరు పడొచ్చు.

డిజీలాకర్‌లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (మీ క్రెడిట్లు జమయ్యే ఖాతా) ఐడీ ఇంకా చేసుకోకపోతే ఇవాళే చేసుకోండి. పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడా కూడా తర్వాత పెద్ద తిప్పలు తెచ్చిపెడుతుంది.

6. ఇంట్లో చెప్పడం

"జియాలజీ ఏటి? రాళ్లు చదివి ఏం చేస్తావురా?" ఇది గాజువాకలోనైనా గోపాలపట్నంలోనైనా వినపడే మాటే. నాన్నగారితో వాదన పెట్టుకోకండి. ఆయన భయం ఒక్కటే, ప్లేస్‌మెంట్ పోతుందేమోనని. దానికే సమాధానం చెప్పండి. మూడు క్రెడిట్ల పేపర్ ఒకటి మార్చితే డిగ్రీ పేరు మారదు, మేజర్ మారదు, కంపెనీ రాతపరీక్ష మారదు. మార్కుల లిస్టులో ఆ లైను ఎక్కడ ఉంటుందో చూపించండి. అమ్మతో చెబితే ఇంకా సులువు. అమ్మకి చాలాసార్లు ఆ ప్రశ్న నచ్చుతుంది, "అవును, బీచ్ ఎందుకు లోపలికొచ్చేస్తోంది?" అని ఎదురడుగుతుంది.

మెడిసిన్ వాళ్లకీ, కొన్ని ప్రొఫెషనల్ కోర్సుల వాళ్లకీ అసలు ఈ ఆప్షనే ఉండదు. వాళ్లకి క్రెడిట్ లేకుండా స్వయం కోర్సు ఒకటి వినడమే దారి.

7. క్లాసు మొదలయ్యాక

మొదటి మూడు వారాలు గడ్డుగా ఉంటాయి. కారణం తెలివితేటలు కాదు, మాటలు. ఎకనామిక్స్‌లో "ఎలాస్టిసిటీ", లాలో "లోకస్ స్టాండై", జియాలజీలో "స్ట్రైక్, డిప్" వింటుంటే మిగతావాళ్లకి అన్నీ తెలిసినట్టు, మనకే తెలియనట్టు టెన్షన్ వస్తుంది. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రోజూ క్లాసులో వినిపించిన కొత్త మాటని, దానికి తెలుగులో మీకు తోచిన వివరణని, మీ బ్రాంచ్‌లో దానికి దగ్గరగా ఉన్న మాటని రాసుకోండి. ఎలాస్టిసిటీ పక్కన "ధర కొంచెం మారితే కొనేది ఎంత మారుతుంది, కంట్రోల్ సిస్టమ్స్‌లో గెయిన్ లాంటిది" అని రాసిన ఒక ఈఈఈ అబ్బాయి పుస్తకం చూశాను. పోలిక పూర్తిగా సరిపోదు, కానీ వాడికి ఆ యూనిట్ ఇక మర్చిపోయే పని లేదు.

జవాబు రాసే తీరు కూడా మారాలి. ఇంజినీరింగ్ పిల్లలు హిస్టరీ పేపర్‌లో కూడా పాయింట్లు పాయింట్లుగా రాసి, బాక్సు గీసి, కింద "హెన్స్ ప్రూవ్డ్" ఒకటే తక్కువ అన్నట్టు ముగిస్తారు. పది మార్కుల జవాబులో ఒక వాదన నడవాలి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, దాన్ని కాదనేవాళ్లు ఏమంటారు. పేరాలు రాయండి. మొదటి మిడ్ కన్నా ముందే ఒక జవాబు రాసి ఆ టీచర్‌కి చూపించండి, బయటి బ్రాంచ్ విద్యార్థి అలా అడిగితే కాదనే టీచర్‌ని నేను చూడలేదు. ఆర్ట్స్ నుంచి వచ్చి పైథాన్ పేపర్ తీసుకున్నవాళ్ల సమస్య దీనికి తలకిందులు. చదివితే అర్థమైనట్టే ఉంటుంది, ల్యాబ్‌లో కూర్చుంటే రాదు. వాళ్లు రోజూ అరగంట చేత్తో టైప్ చేయాల్సిందే, వీడియో చూడటం లెక్కలోకి రాదు.

అసైన్‌మెంట్ టాపిక్ ఎంచుకునే అవకాశం ఉంటే మీ ప్రశ్ననే పెట్టండి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న తీరం దాటింది, కరెంటు స్తంభాలు వరసగా నేలకూలి ఊరు చీకట్లో ఉండిపోయింది. ఎలక్ట్రికల్ విద్యార్థి డిజాస్టర్ మేనేజ్‌మెంట్ పేపర్‌లో భూగర్భ కేబుళ్ల ఖర్చూ లాభమూ గురించి రాస్తే, టీచర్‌కి కొత్తది తెలుస్తుంది, విద్యార్థికి తన బ్రాంచ్ మీద కొత్త గౌరవం వస్తుంది. గూగుల్‌లో దొరికే "డిజాస్టర్ మేనేజ్‌మెంట్ దశలు" రాస్తే ఇద్దరికీ సమయం వృథా.

8. రెజ్యూమెలో, ఇంటర్వ్యూలో

సర్టిఫికెట్ల వరస కింద పేపర్ పేరు పారేయకండి. ప్రాజెక్టుల కింద ఒక లైను రాయండి: ఏ ప్రశ్న, ఏం చేశారు, ఏం తేలింది. ఇంటర్వ్యూలో "సీఎస్ఈ చదువుతూ ఎన్విరాన్‌మెంటల్ లా ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు. రిహార్సల్ చేసుకున్న జవాబులన్నిటికన్నా మీరు బాగా మాట్లాడగలిగేది దాని గురించే. "క్రెడిట్ల కోసం సార్" అన్నారంటే మాత్రం అక్కడితో ఆ దారి మూసుకుపోతుంది.

9. ఎప్పుడు వద్దు

రెండు కన్నా ఎక్కువ బ్యాక్‌లాగ్‌లుంటే ఈ సెమిస్టర్ కొత్త ప్రయోగాలు పెట్టుకోకండి. మైనర్‌కి అసలే వద్దు. మేజర్‌లో ప్రాజెక్టు నడుస్తున్న ఆఖరి సెమిస్టర్‌లో కూడా వద్దు, మూడో సంవత్సరం మొదటి సెమిస్టర్ దీనికి అన్నిటికన్నా అనువైన సమయం. ఫ్రెండ్ తీసుకున్నాడని తీసుకునేది కూడా వద్దు. వాడు మధ్యలో మానేస్తే మీరు ఒంటరిగా మిగులుతారు.

ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతున్నవాళ్లకి ఒక ఖర్చులేని ఉపాయం. నచ్చిన సబ్జెక్టు టీచర్‌ని అడిగి, క్రెడిట్ లేకుండా రెండు వారాలు వెనక బెంచీలో కూర్చోండి. "సార్, ఓ రెండు వారాలు వినొచ్చా?" అంటే చాలు. అటెండెన్స్ రాదు, మార్కులు రావు, పరీక్ష ఉండదు. మూడో వారం కూడా ఆ క్లాసుకే కాళ్లు లాగితే వచ్చే సెమిస్టర్ ఆప్షన్ ఫారంలో ఏం రాయాలో మీకే తెలుస్తుంది. లాగకపోతే నష్టమేమీ లేదు, కాగితం మీద రాసుకున్న రెండో ప్రశ్నకి వెళ్లండి.